బిడ్డను ఎత్తుకొచ్చిన నాన్నను వెనక్కి పంపకండి: జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లాలో అంగన్‌వాడీలు, ఆసుపత్రులు, బడులు, బస్టాండ్ల బాధ్యత చూస్తున్న అధికారులందరికీ నమస్కారం.

నేను కావలిలో ఉంటాను. ఇద్దరు పిల్లల తండ్రిని. పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి చదువుతోంది. బాబుకు 17 నెలలు. గత అక్టోబరు నుంచి ఇంట్లో ఉండి వాళ్లిద్దర్నీ చూసుకుంటున్నది నేనే. ఈ లేఖలో ఉన్న సంగతులే రెండుసార్లు, అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం నాడు రాసిచ్చాను. మొదటిసారి సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నన్నెవరూ ఏమీ అడగలేదు, ఏమీ మారలేదు. రెండోసారి ఆ మెసేజ్ కూడా లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేటట్టు రాస్తున్నాను.

నేను పన్నెండేళ్లు రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా పనిచేశాను. అల్లూరు, బోగోలు వైపు చెరువులు. పొద్దున నీళ్ల పరీక్ష, మేత ఎంత మిగిలిందో చెక్ ట్రేల్లో చూసి లెక్క కట్టడం, రాత్రి కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోతుంది, పంట మొత్తం పోతుంది. కాబట్టి ఆ పనిలో రాత్రి ఇంట్లో ఉంటానని మాట ఇవ్వలేం. నా భార్య టీచరు కోర్సు డీఎడ్ చేసింది. ప్రభుత్వ టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీ పరీక్షలో 2018లో కొద్దిలో పోయింది. మళ్లీ 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడేసరికి బాబుకు ఆరు నెలలు. బిడ్డను ఒళ్లో వేసుకొని చదివింది. జూన్‌లో ఆమె లోపల పరీక్ష రాస్తుంటే, నేను బయట చెట్టు కింద బాబును భుజాన వేసుకొని తిరిగాను. ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టు వచ్చింది. బడి కలిగిరి అవతల ఒక పల్లెలో. పొద్దున ఏడు గంటల బస్సుకు పోతే తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర.

అదే ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్యల రైతులు చెరువుల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేయడానికి జంకారు. నా జీతం ఆలస్యమవుతూ వచ్చింది. మా అమ్మ లేదు. మా అత్తమ్మ అల్లూరులో ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేదు. ఒక రాత్రి ఇద్దరం కూర్చొని మాట్లాడుకున్నాం. ఆమె ఉద్యోగం చేయాలి, నేను ఇల్లు చూడాలి అనుకున్నాం. ఇది మా ఇద్దరి నిర్ణయం. ఇందులో బాధ లేదు, సిగ్గు లేదు. బాబుకు బియ్యం, పెసరపప్పు వేయించి రవ్వ పట్టించి ఉగ్గు కాచేది నేను. పాపకు జడ వేసేది నేను. వీధిలో కొందరు "ఏందయ్యా, ఆడోళ్ల పని నీకెందుకు" అన్నారు, ఇంకా అంటారు. ఆ మాటలకు నేను ఈ లేఖ రాయడం లేదు. మాటలు అంటే పడతాను. కానీ బిడ్డకు రావలసింది నా వల్ల ఆగిపోతుంటే ఊరుకోలేను.

జరిగినవి వరుసగా చెబుతాను. ఏ కేంద్రం, ఏ ఆసుపత్రి, ఏ బడి అనేది రాయను. అక్కడి వాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లు, తమకు చెప్పినట్టు చేసినవాళ్లు. తప్పు పద్ధతిలో ఉంది.

1. అంగన్‌వాడీ. మూడేళ్ల లోపు బిడ్డకు ఇంటికిచ్చే బాలామృతం పిండి, గుడ్లు, పాలు తీసుకోవాలంటే 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీ లెక్కలు రాసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం చూపించాలి. దొంగ లెక్కలు ఆపడానికి పెట్టారు, మంచిదే. మా బాబు పేరు నమోదు చేసినప్పుడు తల్లి ఆధార్, తల్లి ముఖం ఎక్కించారు. అప్పుడు ఆమె ఇంట్లో ఉంది. ఇప్పుడు కేంద్రం తెరిచి ఉండే వేళకు ఆమె యాభై మంది పిల్లల ముందు నిలబడి ఉంటుంది. నేను బాబును ఎత్తుకొని వెళితే టీచరమ్మ ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. ఒకసారి కాదు, వెలుగు చాలలేదేమోనని వాకిట్లోకి తీసుకెళ్లి మళ్లీ పెట్టింది. సరిపోలలేదు. సరిపోలదు కూడా, అది నా భార్య ముఖం. "వాళ్లమ్మ రాలేదా? ఎట్టయ్యా ఇచ్చేది, నాకు మాట వస్తుంది" అంది పాపం. బిడ్డ ఆమె ఎదుటే ఉన్నాడు. ఆమె చేతులతోనే తూకం వేసింది, 9 కిలోల 100 గ్రాములు. సగటు కంటే కొంచెం తక్కువని, జాగ్రత్తగా చూసుకోమని నాకే చెప్పింది. చెప్పి, రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ మళ్లీ బీరువాలో పెట్టింది. తండ్రి పేరుకు మార్చమని అడిగితే ఎలా మార్చాలో తనకు ఎవరూ చెప్పలేదంది. సూపర్‌వైజర్‌ను అడిగితే పైన అడుగుతానన్నారు. అట్లా మూడు నెలలు పోయాయి. నాలుగో నెల నా భార్య ఒక పూట సెలవు పెట్టి వచ్చి ముఖం చూపించింది. ఒక ప్యాకెట్ పిండి కోసం ఒక బడిలో పిల్లలకు ఒక పూట పాఠం పోయింది. ఈ లెక్క ఎవరైనా రాస్తున్నారా?

2. ఆసుపత్రి. ఇది చెప్పడానికి నాకు ఇంకా గుండె బరువెక్కుతుంది.

జనవరిలో బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే చేర్చుకొని సెలైన్ పెట్టారు. చెరువుల దగ్గర పన్నెండేళ్లు గంట గంటకూ లెక్క రాసిన అలవాటు నాది. ఎన్ని గంటలకు ఎంత ఓఆర్ఎస్ తాగాడు, ఎన్నిసార్లు వెళ్లాడు, ఒంటికి ఎప్పుడు పోశాడు, అన్నీ ఫోన్‌లో రాసుకుంటూ కూర్చున్నాను. రాత్రి తొమ్మిదికి సెక్యూరిటీ వచ్చి మగవాళ్లు బయటికి పోవాలన్నాడు. నేను తండ్రినన్నాను. రాత్రి పిల్లల వార్డులో ఆడమనిషే ఉండాలన్నాడు. సిస్టర్‌ను అడిగాను, రూలు అంతేనంది. సూది గుచ్చిన చేయి కదపకుండా పట్టుకొని ఉన్నాను నేను. వదిలితే వాడు లాగేసుకుంటాడు. వాడు నా చొక్కా గుండీ పట్టుకొని నిద్రపోతున్నాడు.

ఇంట్లో నా భార్య పాపతో ఉంది. పాపను పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలి ఆటోలో వచ్చింది. నేను గేటు బయట సిమెంటు బల్ల మీద రాత్రంతా కూర్చున్నాను. మరుసటి రోజు ఆమె సెలవు పెట్టింది. కొత్త ఉద్యోగం, అడగాలంటే భయం. రెండో రాత్రికి అల్లూరు నుంచి అత్తమ్మను పిలిపించాం. ఆమెకు కళ్లు సరిగా కనపడవు. తెల్లవారి డాక్టరు గారు రౌండ్స్‌కు వచ్చి, రాత్రి ఎన్నిసార్లు వెళ్లాడు, ఒంటికి పోశాడా అని అడిగారు. అత్తమ్మ ఏడ్చేసింది, నాకు తెలియదు నాయనా అని. నా ఫోన్‌లో లెక్క రాత్రి తొమ్మిది దగ్గర ఆగిపోయి ఉంది.

దేవుడి దయ, డాక్టర్ల దయ, బాబు కోలుకున్నాడు. 14 రోజులు జింక్ మాత్ర కరిగించి పోశాను.

ఆ రూలు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. వార్డులో తల్లులు పాలిస్తుంటారు, అలసిపోయి ఒళ్లు తెలియకుండా పడుకుంటారు. పక్క మంచం దగ్గర తెలియని మగవాడు ఉంటే వాళ్లకు ఎంత ఇబ్బందో నేను అర్థం చేసుకోగలను. మా ఇంట్లోనూ ఆడపిల్ల ఉంది. వాళ్ల మధ్య నన్ను పడుకోనివ్వమని అడగడం లేదు. వార్డు చివర రెండు మంచాలకు ఒక తెర కట్టి, బిడ్డతో తండ్రి ఉండే చోటు అని రాయమంటున్నాను. తెర గుడ్డకు ఎంత అవుతుంది?

3. టీకా. 16 నెలలు దాటాక వేయాల్సిన డీపీటీ బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు కోసం బుధవారం తీసుకెళ్లాను. కార్డు నా చేతిలోనే ఉంది. తల్లిని తీసుకురండి, జ్వరం వస్తే ఏం చేయాలో ఆమెకు చెప్పాలి అన్నారు. రాత్రి లేచి తడిగుడ్డ వేసేది నేనే, నాకే చెప్పండి అన్నాను. కాసేపు వాదన అయ్యాక వేశారు. వేసిన సిస్టర్ తర్వాత ఎంతో ఓపికగా అన్నీ చెప్పింది కూడా. కానీ నాలాగా వాదించలేని తండ్రి అక్కణ్నుంచి వెనక్కి పోతాడు. ఆ బిడ్డకు టీకా ఆ వారం తప్పుతుంది, పై వారం కూలి పని ఉంటే అదీ తప్పుతుంది.

4. బడి. పాపకు తరగతిలో జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. బడి నుంచి ఫోన్ ఎవరికి పోయింది? కలిగిరి అవతల పాఠం చెబుతున్న తల్లికి. ఆమె ఫోన్ సంచిలో, సైలెంట్‌లో ఉంది. రెండు గంటలు పాప వరండాలో బల్ల మీద పడుకొని ఉంది. నేను ఆ బడికి పది నిమిషాల దూరంలో ఉన్నాను. చేరేటప్పుడే నా నంబరు ఇచ్చాను. అది రెండో గడిలో ఉందట, మొదటి గడి తల్లిదట. తల్లుల వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చుకోలేదు. అక్కడ ఆడవాళ్లు మొహమాటపడతారంటే అదీ సరే. మరి రేపు సెలవని, నోటుబుక్కు తెమ్మని నాకు చెప్పేదెవరు?

5. బస్టాండు. పాలిచ్చే తల్లుల గదులు పెట్టారు, చాలా మంచి పని. బిడ్డ డైపరు తడిపితే తండ్రి ఎక్కడ మార్చాలి? నేను ప్లాట్‌ఫారం మీద, సంచి మీద తువ్వాలు పరిచి మార్చాను. పాపకు బాత్రూం వస్తే ఇంకా కష్టం. ఆడవాళ్ల వైపు నేను పోలేను, మగవాళ్ల వైపు ఆమెను తీసుకుపోలేను. తెలియని ఒక అమ్మను బతిమాలి లోపలికి పంపించి, తలుపు దగ్గర ప్రాణం బిగపట్టుకొని నిలబడతాను. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులతో పాటు పిల్లల సంరక్షణ గదులు ఉండాలన్న కేసులో ప్రభుత్వాలకు దారి చూపింది. ఆ సంరక్షణ గది తండ్రికి కూడా తెరిచి ఉండాలి.

6. ఇది ఒక్క మా ఇంటి గొడవైతే ఇంత రాసేవాణ్ని కాదు. అర్జీ ఇచ్చే వరుసలో నా వెనక నిలబడిన ఒక ఆయన భార్య కువైట్‌లో ఇంటిపనికి పోయి రెండేళ్లయింది. ఇద్దరు పిల్లలు ఆయన దగ్గరే. తల్లి ముఖం కావాలంటే ఆయన ఏ ముఖం చూపించాలి? మన జిల్లా నుంచి, పక్క కడప వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన తల్లులు ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు. భార్య కాన్పులో పోయినవాళ్లున్నారు. కూతురు పోతే మనవణ్ని సాకుతున్న తాతలున్నారు. రాత్రి డ్యూటీ నర్సుల భర్తలున్నారు. రొయ్యల ప్లాంట్లలో షిఫ్టు పనికి పోయే ఆడవాళ్ల ఇళ్లున్నాయి. వీళ్లలో చాలామంది అర్జీ రాయలేరు. ఒకసారి కాదంటే రెండోసారి రారు. బరువు తగ్గేది బిడ్డే. పనికి ఎగనామం పెట్టి రావలసిందీ మళ్లీ ఆ తల్లే.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నన్ను తప్పుగా అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. ఆడవాళ్లకు ఇచ్చినవాటిలో మగవాళ్లకు వాటా కావాలని నేను అనడం లేదు. బడి పిల్లల పేరిట ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలో పడాలి, అదే న్యాయం. నా భార్యకు బస్సు టికెట్ ఉచితం కావడం మాకు నెలకు ఎంత ఆసరానో చెప్పలేను. నేను అడిగేది వేరు. ప్రతి పనికీ తల్లే రావాలంటే ఉద్యోగం చేస్తున్న తల్లి మెడకు ఇంకో తాడు కడుతున్నట్టే. కేంద్ర ప్రభుత్వం చేసిన 2024 సమయ వినియోగ సర్వేలో, 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో ఇంట్లో వాళ్లను చూసుకునే పని చేసేవారు ఆడవాళ్లయితే రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లయితే 74 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మగవాడు ఇంటి పని పంచుకోవాలని సభల్లో చెబుతున్నారు. పంచుకోవడానికి వచ్చినవాణ్ని గుమ్మంలో ఆపుతున్నారు.

చట్టం సంగతి కూడా చూడండి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో బిడ్డకు సహజ సంరక్షకుడిగా మొదట రాసింది తండ్రినే. తల్లిని వెనక పెట్టడం తప్పేనని నేనూ అంటాను. కానీ ఆస్తి కాగితాల మీద మొదటివాడైన తండ్రి, బాలామృతం పిండి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ కాకుండా ఎట్లా పోయాడు? ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటులో పనిచేసే తండ్రికి ఒక్క రోజు ఇమ్మని ఏ చట్టమూ చెప్పదు. బాబు పుట్టినప్పుడు నాకు దొరికింది మూడు రోజులు, అదీ జీతం కోసి. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్లుంటేనే పిల్లల గది పెట్టమంది. బిడ్డ ఆడవాళ్లదే అన్నట్టు లెక్క. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ఆడా మగా అని చూడకుండా 50 మంది పనివాళ్లను లెక్కలోకి తీసుకుంటున్నాయి. దేశం చట్టమే ఆ మాట మార్చుకుంటుంటే మన జిల్లాలో రిజిస్టరు గడి మార్చడం కష్టమా?

నా కోరికలు ఇవి. వీటిలో ఎక్కువ భాగానికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు.

ఒకటి. బిడ్డను రోజూ చూసుకునేది ఎవరైతే వాళ్ల ముఖం, ఆధార్ అంగన్‌వాడీ యాప్‌లో నమోదు చేయించండి. తల్లితో పాటు రెండో మనిషిని చేర్చే వీలుంటే అది ఎట్లాగో ప్రతి టీచరమ్మకూ రాతపూర్వకంగా చెప్పండి. వీలు లేకపోతే పైకి రాసి తెప్పించండి. అంతవరకు బిడ్డ ఎదురుగా ఉన్నప్పుడు, తల్లీబిడ్డల కార్డు చూపించినప్పుడు, సరుకు ఆపొద్దు.

రెండు. పిల్లల వార్డులున్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రి తండ్రి ఉండేలా తెరతో కనీసం రెండు మంచాలు కేటాయించండి. అక్కడ సెక్యూరిటీ గార్డుకు కూడా ఆ మాట చెప్పండి. ఆఖరికి మమ్మల్ని బయటికి పంపేది అతనే.

మూడు. టీకాకు బిడ్డను తెచ్చిన తండ్రిని, తాతను, అవ్వను తల్లి రాలేదని వెనక్కి పంపకూడదని ఉత్తర్వు ఇవ్వండి. జాగ్రత్తలు తెచ్చినవాళ్లకే చెప్పండి.

నాలుగు. బడి రిజిస్టరులో ముందు ఎవరికి ఫోన్ చేయాలో ఇంటివాళ్లనే రాయనివ్వండి.

ఐదు. నెల్లూరు, కావలి, ఆత్మకూరు బస్టాండ్లలో తల్లయినా తండ్రయినా వాడుకునేలా, చిన్న బల్ల, కుళాయి, ఒక మరుగుదొడ్డి ఉన్న పిల్లల గది పెట్టండి.

ఆరు. తల్లులు ఊళ్లో లేని ఇళ్లు, తల్లి లేని బిడ్డలు అంగన్‌వాడీ పరిధుల్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క తీయండి. టీచరమ్మలకు ప్రతి గడపా తెలుసు, వారం చాలు. ఆ లెక్క ముందు పెట్టుకొని చూస్తే నేను రాసినదానికంటే ఎక్కువే మీకు కనిపిస్తుంది.

ఈ లేఖకు నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. పరిష్కారమైందన్న మెసేజ్ వద్దు. ఏ అధికారి, ఏ తేదీన, ఏం మార్చారో చెప్పండి. జవాబు రాకపోతే నాలాంటి తండ్రులం బిడ్డలను ఎత్తుకొని సోమవారం మళ్లీ అదే వరుసలో నిలబడతాం.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలై 2025 అక్టోబరు 2కి 50 ఏళ్లు నిండాయి. మా అమ్మ నన్ను చంకనేసుకొని అంగన్‌వాడీకి పోయిందని చెప్పేది. ఇప్పుడు నా కొడుకును నేను ఎత్తుకుపోతున్నాను. వచ్చే మంగళవారం వాడి బరువు చూసే రోజు. నా భార్యకు ఆ రోజు బడి ఉంది. నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఇద్దరు బిడ్డల తండ్రి,
కావలి, నెల్లూరు జిల్లా